బొగ్గుకు వీడ్కోలు: భారమెవరిది?

ప్రపంచ దేశములన్నియు కలిసి ఒక్క మాట అనుటకు ముప్పది యేండ్లకు పైగా పట్టినది. భూగోళము వేడెక్కుచున్నదని అంగీకరించి 1992లో రియో డి జనీరోలో ఒప్పందము చేసికొన్న దేశములు, ఆ వేడికి మూలమైన బొగ్గు, చమురు, సహజవాయువుల నుండి దూరముగా జరుగవలెనని 2023 డిసెంబరులో దుబాయి సమావేశమున గాని వ్రాతపూర్వకముగా ఒప్పుకొనలేదు. అంతకు రెండేండ్ల ముందు, 2021లో గ్లాస్గో సమావేశమున, బొగ్గు వాడకమును ‘పూర్తిగా మానివేయుట’ అను మాటకు మన దేశము అభ్యంతరము తెలిపి ‘క్రమముగా తగ్గించుట’ అని మార్పించినది. ఒక్క మాట కొరకు అంత పట్టుదల యెందుకని విమర్శించినవారు కలరు. మా దృష్టిలో అది మాటల తగవు కాదు. ఆ రెండు మాటల నడుమ గల దూరములోనే మన సింగరేణి కార్మికుడు, మన వరి రైతు, మన దామరచర్ల తండాల గిరిజనుడు నిలిచియున్నారు.

బొగ్గును సమర్థించువారి వాదములో బలము లేకపోలేదు. సగటు భారతీయుని వలన ఏటా వెలువడు బొగ్గుపులుసు వాయువు రెండు టన్నుల ప్రాంతమున ఉండగా, సగటు అమెరికా పౌరునిది పదునాలుగు టన్నుల ప్రాంతమున ఉన్నది. రెండు వందల యేండ్లు పొగ వదలి సంపన్నులైన దేశములు, నిన్న మొన్న దీపము వెలిగించుకొన్న వానిని ఆర్పివేయుమనుట న్యాయము కాదు. 2025 నాటికి మన దేశపు విద్యుదుత్పాదన సామర్థ్యములో సగము బొగ్గు, గ్యాసులతో పనిలేనిదైనను, వాస్తవముగా ఉత్పత్తి యగు విద్యుత్తులో నూటికి డెబ్బది పాళ్లకు పైగా నేటికిని బొగ్గుదే. ఈ లెక్కలను కాదనువారు లేరు. అయితే న్యాయము దేశముల నడుమనే గాక దేశము లోపల కూడ ఉండవలెనన్నది మా అభిప్రాయము.

ఇందుకు ఉదాహరణము కొరకు దూరము పోనక్కరలేదు. మన గరిడేపల్లి వారికి మిర్యాలగూడ పొరుగు పట్టణము. ఆ మిర్యాలగూడ దాటిన పిదప, దామరచర్ల మండలము వీర్లపాలెము వద్ద కృష్ణానది చెంత యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రము లేచినది. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగిన ఈ కేంద్రము సామర్థ్యము 4,000 మెగావాట్లు. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు. దీని కొరకు వేలాది ఎకరముల అటవీ భూమిని ఇచ్చివేసిరి. పర్యావరణ అనుమతి సక్రమముగా లేదని జాతీయ హరిత న్యాయస్థానము 2022 సెప్టెంబరులో దానిని నిలుపుదల చేసి, మరల అధ్యయనములు జరిపింపుమని ఆదేశించినది. తరువాత 2024లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. అదే యేడాది డిసెంబరులో ఒక యూనిట్‌ను ప్రారంభించిరి. ఇట్టి కేంద్రము ఒకమారు నిలిచినచో పాతికేండ్లకు తక్కువ గాక నడచును. అనగా నేడు మన కళాశాలలో చదువుచున్న విద్యార్థి నడివయస్సు దాటువరకు ఆ గొట్టముల నుండి పొగ వెలువడుచునే యుండును.

వేడిమి ఫలితము మనకు తెలియనిది కాదు. 2015 వేసవి వడగాలులకు దేశములో రెండువేల మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు తెలుగు రాష్ట్రములవారే. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన కుంభవృష్టికి కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతములు నీట మునిగినవి. నడిగూడెము మండలము రామచంద్రాపురము వద్ద సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలములు కొట్టుకొనిపోయినవి. ఏ ఒక్క వానను పట్టుకొని ఇది బొగ్గు వలననే కురిసినదనుట శాస్త్రసమ్మతము కాదు. కాని గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు ఏడు శాతము అధికముగా నీటి ఆవిరిని ఇముడ్చుకొనగలదనుట శాస్త్రము. అట్టి గాలి కురిసినపుడు కుండపోతగా కురియుటలో వింత లేదు. ఆ గండి పడిన పొలము ఏ కర్మాగార యజమానిది కాదు. కౌలు రైతుది, చిన్న రైతుది.

మరి బొగ్గును విడిచినచో కార్మికుని గతి యేమి? ఇది అందరును అడుగు ప్రశ్న. దీనికి సింగరేణి చరిత్ర వేరొక ప్రశ్నతో బదులు చెప్పుచున్నది. 1889లో ఇల్లెందు వద్ద త్రవ్వకము మొదలైన ఈ గనులలో 1990 ప్రాంతమున లక్షకు పైగా కార్మికులు ఉండిరి. నేడు పర్మినెంటు కార్మికులు నలువది వేల ప్రాంతమునకు దిగిరి. అయినను బొగ్గు తరుగలేదు సరికదా, 2023–24లో ఉత్పత్తి ఏడు కోట్ల టన్నులకు చేరినది. భూగర్భ గనుల స్థానమున ఓపెన్‌కాస్టులు, మనుష్యుల స్థానమున యంత్రములు, పర్మినెంటు ఉద్యోగుల స్థానమున కాంట్రాక్టు కూలీలు వచ్చిరి. ఏ అంతర్జాతీయ ఒప్పందము లేకుండగనే, ఏ పర్యావరణవాది అడుగకుండగనే, బొగ్గు తన కార్మికుని విడిచినది. అప్పుడు వానికి ప్రత్యామ్నాయము చూపుడని అడిగినవారెందరు? నేడు కార్మికుని పేరు చెప్పి బొగ్గును కాపాడువారు ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పవలసియున్నది.

అట్లని బొగ్గు కానిదంతయు పుణ్యమని మేము చెప్పబోము. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతమున యురేనియము త్రవ్వుదుమని వచ్చినపుడు 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనము గట్టిగా ఎదిరించిరి. సాగర్ జలాశయము చెంత ఆ త్రవ్వకమేమని వారు అడిగిన ప్రశ్న నేటికిని సమంజసమే. పొగ లేని ఇంధనమైనంత మాత్రమున దాని భారము మరల తండాలపైననే పడుట న్యాయము కాజాలదు. మిర్యాలగూడ రైస్ మిల్లులలో ఉప్పుడు బియ్యము కొరకు బాయిలర్ల క్రింద ఊకను మండింతురు. బొగ్గు కొనక, చేతికందిన ఊకతో పని గడుపుకొను ఆ తెలివి మెచ్చదగినది. అయినను ఆ ఊక బూడిద ఇండ్లపై వ్రాలినపుడు బాధపడువారు బస్తీలవారే. కనుక ఇంధనము పేరు మారిన చాలదు; దాని బూడిద ఎవరి ఇంటిపై వ్రాలుచున్నదో కూడ చూడవలెను.

సాధ్యమైన మార్గము మన కన్నుల యెదుటనే కలదు. తెలంగాణలో 2018 జనవరి నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తును అమలులోనికి తెచ్చిరి. కాలువ నీరు అందని చోట రైతు బోరు మోటారు పగలు నడచిన చాలును. సూర్యుడును పగలే ఉండును. ఈ రెంటిని జతపరచుట కష్టము కాదు. రాత్రి సంగతి యేమందురా? నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రములోని ఎనిమిది యూనిట్లలో ఏడు, నీటిని క్రిందికి వదలి విద్యుత్తు తీయుటయే గాక, మిగులు విద్యుత్తుతో నీటిని మరల జలాశయములోనికి ఎత్తిపోయగలవు. పగటి సూర్యరశ్మిని నీటి రూపమున దాచి రాత్రికి వాడుకొను ఉపాయము, ఇతర దేశములు కోట్లు వెచ్చించి నిర్మించుకొనుచున్నది, మన ప్రాంతమున ఇదివరకే కలదు.

కావున మేము కోరునది మూడు విషయములు. మొదటిది, బొగ్గు కేంద్రమును ప్రారంభించునాడే దానిని మూయు తేదీని, ఆనాడు అందు పనిచేయువారికి చూపు ఉపాధిని కాగితముపై పెట్టవలెను. కొత్తగూడెములో పాత విద్యుత్కేంద్రపు శీతలీకరణ గోపురములు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో క్షణములలో కూల్చివేసిరి. గోపురమును కూల్చుటకు క్షణములు చాలును. ఊరికి క్రొత్త బ్రతుకు కట్టుటకు చాలవు. రెండవది, 2015 చట్టసవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధిని గనుల ప్రాంతపు యువకుల క్రొత్త విద్యలకు వినియోగింపవలెను. సింగరేణి సంస్థయే సౌర విద్యుత్కేంద్రములు నెలకొల్పుచున్నది. వానిలో మొదటి హక్కు గని కార్మికుల, కాంట్రాక్టు కూలీల బిడ్డలకు ఉండవలెను. మూడవది, అడవిని, భూమిని ఇచ్చిన తండాలవారు పరిహారము కొరకు కార్యాలయముల చుట్టు తిరుగువారుగా గాక, వచ్చు విద్యుత్తు ఆదాయములో వాటాదారులుగా ఉండవలెను.

ఉర్దూ నుండి తెలుగులోనికి వచ్చి మన కాగితములలో స్థిరపడిన మాట ‘అమానతు’. ఒకరు మనయొద్ద దాచిన సొమ్మును చెడకుండ తిరిగి ఇచ్చుట దాని ధర్మము. ఈ నేల, ఈ నీరు, ఈ గాలి మన తరువాతివారి అమానతు. 2070 నాటికి దేశము నికరముగా కాలుష్య వాయువులు వదలని స్థితికి చేరునని ప్రభుత్వము ప్రకటించినది. ఆ యేడు మాకు అందరానిది. విద్యార్థినీ విద్యార్థులారా, మీలో పలువురకు అది అందును. ఆనాడు లెక్క అప్పగించవలసినవారు మీరే. కనుక పొగ తగ్గినదా యని మాత్రమే గాక, దానిని తగ్గించుటలో ఎవరి పొయ్యి ఆరినదని కూడ నేటి నుండియే అడుగ నేర్చుకొనుడు.