ఒళ్లో పెట్టుకోరాని ల్యాప్‌టాప్

దుర్గాపూజలు దగ్గర పడుతున్నవంటే జంషెడ్‌పూర్ బజారులకు కొత్త కళ వస్తుంది. టాటా స్టీల్ యాజమాన్యానికీ, టాటా వర్కర్స్ యూనియన్‌కూ మధ్య కుదిరే బోనసు ఒప్పందపు సొమ్ము కార్మికుల చేతికి అందేది ఆ రోజుల్లోనే. ఒకనాడు ఆ సొమ్ము సైకిలుగానో, కుట్టుమిషనుగానో, రేడియోగానో ఇంటికి వచ్చేది. ఇప్పుడు చాలా ఇళ్లకు ల్యాప్‌టాప్‌గా వస్తున్నది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి తరాల క్రిందట ఉక్కు కర్మాగారానికి వలస వచ్చిన తెలుగు కుటుంబాలలో తాత కొలిమి వద్ద నిలబడ్డాడు, తండ్రి మర వద్ద నిలబడ్డాడు. మనుమరాలు మాత్రం బల్ల వద్ద కూర్చున్నది. ఖర్కాయీ నది ఆవలి ఒడ్డున ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని చిన్న కార్ఖానాల్లో లెక్కలు వ్రాసే ఉద్యోగం దొరికితే, “యంత్రం మీదే తెచ్చుకోండి” అనే యజమానులకు కొదువ లేదు. అటువంటి వారిని దృష్టిలో ఉంచుకొని ఈ నెల నాలుగు మాటలు.

మొట్టమొదట తేల్చుకోవలసినది యంత్రం గొప్పతనం కాదు, యాజమాన్యం. కార్యాలయం వారు ఇస్తామంటే వారిదే తీసుకోవడం మేలు. అందులో ఇంటి ఫోటోలు, పిల్లల పాఠాలు, బ్యాంకు వ్యవహారాలు పెట్టకండి. ఉద్యోగం మానిన రోజున అవి మీ చేతిలో మిగలకపోవచ్చు. మీరే కొనవలసి వస్తే కార్యాలయపు కంప్యూటరు వ్యవహారాలు చూసే మనిషిని ముందుగా రెండు ప్రశ్నలు అడగండి. తాము వాడే లెక్కల ప్రోగ్రాముకు ఏ విండోస్ కావాలి? యంత్రాన్ని సంస్థ నెట్‌వర్కు డొమైనులో చేర్చవలసి ఉంటుందా? చేర్చవలసి ఉంటే విండోస్ హోమ్ పనికిరాదు, ప్రో కావాలి. ఈ చిన్న తేడా కొన్న తరువాత తెలిస్తే మళ్లీ డబ్బు పెట్టుకోవలసిందే.

దుకాణంలో ముందుగా చెప్పేది ప్రాసెసరు గురించి. ఆఫీసు పనికి సంబంధించినంత వరకు దాని మీద అంత చర్చ అక్కరలేదు. ఉత్తరాలు, లెక్కల పట్టికలు, వీడియో సమావేశాలు, ఇవి నడుపడానికి ఈనాటి మధ్యరకం ప్రాసెసరు ఏదైనా చాలును. మందగించేది సాధారణంగా జ్ఞాపకశక్తి తక్కువై. 8 జీబీ ర్యామ్ కనీసం; ఒకేసారి నాలుగు పెద్ద పట్టికలు, ఇరవై బ్రౌజరు పుటలు తెరిచే అలవాటున్నవారికి 16 జీబీ అవసరం. సన్నని యంత్రాలలో చాలా వాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించి వేస్తున్నారు. తరువాత పెంచుకొనే వీలుండదు. “ఖాళీ స్లాటు ఉన్నదా?” అన్న ప్రశ్నకు దుకాణదారు తడబడితే, ఆ నమూనా వివరపత్రం తెప్పించుకొని చూడండి. నిల్వకు తిరిగే హార్డ్ డిస్కు వద్దు, ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. 512 జీబీ ఉంటే నాలుగైదేళ్లు ఇరుకు తెలియదు.

తెర విషయంలో దుకాణపు దీపాలు మోసం చేస్తాయి. మెరిసే తెర అక్కడ బ్రహ్మాండంగా కనబడుతుంది. ఆఫీసులో కిటికీకి ఎదురుగా పెడితే మీ ముఖమే మీకు కనబడుతుంది. మెరుపు లేని తెర, కనీసం 300 నిట్ల వెలుగు ఉన్నది చూసుకోండి. చవక యంత్రాలలో చాలా వాటికి 250 నిట్లే ఉంటుంది. లెక్కల పట్టికలతో పని చేసేవారికి నిడివి కొంచెం ఎక్కువైన తెర, అనగా 16కు 10 పాలు ఉన్నది, మరో రెండు మూడు వరుసలు ఎక్కువ చూపుతుంది. చిన్న విషయమే గాని రోజంతా పైకీ క్రిందికీ జరిపే చేతికి తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటరును చేతితో మోసుకుపోవచ్చునని అమ్మారు. దాని బరువు సుమారు 11 కిలోలు, తెర 5 అంగుళాలు. ఇప్పటి ల్యాప్‌టాప్ కిలోన్నరకు దిగింది, మోయడం సులువైంది. కాని దానితో పని చేయడం సులువు కాలేదు. తెర, మీటలు ఒకే ముక్కగా అతికి ఉండడమే దాని పుట్టు లోపం. మీటలు చేతికి అందే ఎత్తున పెడితే తెర మరీ దిగువకు పోతుంది. తెరను కంటి ఎత్తుకు లేపితే చేతులు గాలిలో వ్రేలాడుతాయి. మధ్యేమార్గంగా మనం మెడ వంచుతాం. మనిషి తల బరువు దాదాపు 5 కిలోలు. రోజుకు ఎనిమిది గంటలు దానిని ముందుకు వంచి మోయవలసిన పని మెడ కండరాల మీద పడుతుంది. 1912లోనే ఉక్కు కార్మికుడికి ఎనిమిది గంటల పనిదినం ఇచ్చిన ఊరు ఇది. ఆ ఎనిమిది గంటలు మెడ ఎలా గడుపుతున్నదో బల్ల ఉద్యోగి కూడా ఒకసారి ఆలోచించుకోవాలి.

కాబట్టి ‘ఒడి’ అని పేరున్నా దానిని ఒళ్లో పెట్టుకోకండి. యంత్రానికి ఎంత ఖర్చు పెడతారో ముందు అనుకొని, అందులోనుండి కొంత తీసి ఒక స్టాండు, విడి కీబోర్డు, విడి మౌస్ కొనండి. నా దృష్టిలో ఈ మూడూ మిగతా అలంకారాలన్నిటికంటె ముఖ్యం. కొంచెం తక్కువ యంత్రం తీసుకొనైనా వీటిని వదలరాదు. తెర పై అంచు కంటి ఎత్తునో, కొంచెం దిగువనో, చాచిన చేతి దూరాన ఉండాలి. మోచేతులు ప్రక్కన ఆని, లంబకోణంగా వంగి ఉండాలి. స్టాండుకు డబ్బు లేకపోతే లావుపాటి పాత పుస్తకాల దొంతర చాలు. గాలి వెళ్లే రంధ్రాలు మూతపడకుండా చూసుకోండి. పరుపు మీద, దిండు మీద పెట్టి పని చేసేవారి యంత్రాలు వేడెక్కి చప్పుడు చేయడానికి కారణం అదే. క్రిందినుండి పీల్చే గాలిని గుడ్డ అడ్డగిస్తుంది.

విడి కీబోర్డు కొనేటప్పుడు తెలుగువారికి ఒక మాట. జంషెడ్‌పూర్‌లోని మనవారికి మూడు లిపులతో పని: ఆఫీసులో ఇంగ్లీషు, కచేరీలో హిందీ, ఊరికి తెలుగు. మూడింటికీ మూడు చదువులు అక్కరలేదు. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ వారి ప్రమాణంగా వచ్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో భారతీయ లిపులన్నిటికీ దాదాపు ఒకే చోటు: అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. ఇంగ్లీషు ‘కె’ ఉన్న మీట నొక్కితే హిందీలో ‘క’ వస్తుంది, భాష మార్చి నొక్కితే తెలుగులోనూ ‘క’ వస్తుంది. ‘హెచ్’ మీట మీద ‘ప’, ‘డి’ మీట మీద పొల్లు. హిందీ నేర్చిన వేళ్లకు తెలుగు ఉచితంగా వచ్చినట్లే. విండోస్‌లో ఈ అమరిక ముందే ఉన్నది, భాషల జాబితాలో తెలుగును చేర్చుకొంటే చాలు. అక్షరాలు ముద్రించిన ప్రత్యేక కీబోర్డు కోసం వెదకనక్కరలేదు. ఇంట్లో వృద్ధులకు ఉత్తరం వ్రాసే అలవాటు మిగిలి ఉన్నవారికి ఇది చిన్న ఉపకారం కాదు.

కరెంటు గురించి ఒక ముఖ్యమైన హెచ్చరిక. లోహపు దేహమున్న ల్యాప్‌టాప్‌ను ఛార్జి పెట్టి వాడుతున్నప్పుడు అరచేతికి సన్నగా చిమచిమలాడినట్లుంటుందని చాలామంది అంటారు. అడాప్టరులోని వడపోత భాగాలనుండి స్వల్పంగా కారే విద్యుత్తు అది. భూమిలోకి దారి ఉంటే అటు పోతుంది, లేకపోతే మీ చేతిగుండా పోవడానికి చూస్తుంది. మామూలుగా ప్రమాదకరం కాదు. కాని మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినా చిమచిమ పోలేదంటే మీ గోడ సాకెట్టుకు ఎర్తింగు సరిగా లేదని అనుమానించాలి. అది ల్యాప్‌టాప్‌కు చిన్న సమస్య, అదే ఇంట్లోని గీజరుకు పెద్ద సమస్య. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు పరీక్ష చేయించండి. లావుపాటి మూడో పిన్ను తొలగించి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చే పని ఎవరు సలహా ఇచ్చినా చేయకండి.

ఛార్జరు పోయినప్పుడు చవక బండ్ల మీద దొరికేవాటి జోలికి పోరాదు. ల్యాప్‌టాప్‌లు, వాటి అడాప్టర్లు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద తప్పనిసరిగా నమోదు కావలసిన వస్తువులు. ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య వాటిపై అచ్చై ఉంటుంది. కొత్త యంత్రాలు చాలావరకు టైప్-సీ రంధ్రంతో ఛార్జి అవుతాయి, సాధారణంగా 65 వాట్లు కోరుతాయి. చాలా సెల్‌ఫోను ఛార్జర్లు అంత ఇవ్వలేవు. పైగా టైప్-సీ రంధ్రాలన్నీ ఒకటి కావు: కొన్ని సమాచారం మోయడానికే పనికివస్తాయి, ఛార్జి తీసుకోవు, పెద్ద తెరకు బొమ్మ పంపవు. కొనే ముందే అడగాలి. సన్నని నమూనాలలో నెట్‌వర్కు తీగ గుచ్చే రంధ్రం ఉండదు. కార్ఖానా ఆఫీసుల్లో ఇంకా తీగలే ఎక్కువ గనుక, దానికొక చిన్న అడాప్టరు సంచిలో వేసుకోవాలి.

ఊరిలో కంపెనీ విద్యుత్తు అందే కాలనీలకూ, బయటి బస్తీలకూ తేడా జంషెడ్‌పూర్ వాసులకు చెప్పనక్కరలేదు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తుంది, కాని ఇంటర్నెట్ ఇచ్చే రౌటరు ఆగిపోతుంది. సమావేశం మధ్యలో తెగుతుంది. ల్యాప్‌టాప్‌కు పెద్ద యూపీఎస్ దండగ, రౌటరుకు అరచేతిలో పట్టే 12 వోల్టుల చిన్న యూపీఎస్ చాలును. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ ఊరిలో యంత్రాన్ని స్కూటరు డిక్కీలోనో, మూసిన కారులోనో వదలడం బ్యాటరీ ఆయుష్షును కోసివేయడమే. రోజంతా ప్లగ్గుకే తగిలించి ఉంచేవారు, యంత్రంలో వీలుంటే, 80 శాతం వద్ద ఛార్జి ఆపే ఏర్పాటు వాడుకోవాలి.

పెద్ద సంస్థలు వాడి విడిచిన యంత్రాలు సగం ధరకు దొరుకుతాయి, వాటిని తీసివేయనక్కరలేదు. అవి సాధారణంగా గట్టి నిర్మాణం, మంచి కీబోర్డు కలవి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, యంత్రం విండోస్ 11ను అధికారికంగా భరించగలదా అన్నదే మొదటి పరీక్ష. ఇంటెల్ ప్రాసెసరైతే సాధారణంగా 8వ తరమో, ఆ తరువాతదో కావాలి. రెండవ పరీక్ష బ్యాటరీ: విండోస్‌ను నివేదిక అడిగితే తయారైననాటి సామర్థ్యం, ఈనాటి నిండు సామర్థ్యం రెండూ చూపుతుంది. రెండవది మొదటిదానిలో సగానికి దిగి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఉపకరణాలలో చివరిది, జనం చివరకు మరిచేది, విడిగా ఉండే ఒక డిస్కు. యంత్రం పోతే బోనసు డబ్బు పోతుంది. అందులోని మూడు నెలల లెక్కలు పోతే ఉద్యోగం మీదికి వస్తుంది. ప్రతి శనివారం నకలు తీసి డిస్కును ఆఫీసు బీరువాలో పెట్టి, మరో నకలు వేరే చోట ఉంచండి. డిస్కునూ ల్యాప్‌టాప్‌నూ ఒకే సంచిలో మోసేవారికి ఒక దొంగ చాలు.

వారంటీ కాగితం చదివేటప్పుడు ఒక ప్రశ్న మిగిలి ఉన్నది. మరమ్మతుకు మనిషి ఇంటికి వస్తాడా, మీరే తీసుకుపోవాలా? పోవలసి వస్తే జంషెడ్‌పూర్‌లోనే కేంద్రమున్నదా, రాంచీకో కోల్‌కతాకో పంపుతారా? అలా పంపిన యంత్రం వారం పది రోజులు రాకపోవచ్చు. నెలాఖరున లెక్కలు ముగించవలసిన మనిషికి ఆ పది రోజులే ధర. జవాబును బిల్లు వెనుక వ్రాయించి, దుకాణం ముద్ర వేయించుకోండి. బిల్లు మీద యంత్రం క్రమసంఖ్య ఉన్నదో లేదో అక్కడే పోల్చి చూసుకొని, దుకాణం దాటకముందే ఒక ఫోటో తీసి పెట్టుకోండి.