మెత్తటి ప్యాడే ముందు

కొండాపూర్‌లో ఎటు చూసినా కట్టడాలే, కారు నిండా దుమ్మే. దానికితోడు మా బాబు సైకిలు తగిలి డోరు మీద గీత పడింది. నాన్న కేకలేశారని వాడు వారంగా సైకిలు ముట్టలేదు.

ఆదివారం మావారు పాలిషింగుకు గట్టి ఫోమ్ ప్యాడ్ తీశారు. వద్దన్నాను. గట్టిది ఎక్కువ అరగదీస్తుంది. పైనుండే క్లియర్‌కోట్ మామూలుగా వెంట్రుకంత మందం కూడా ఉండదు, పోతే తిరిగి రాదు. ముందు మెత్తటిది చిన్నచోట వేసి చూడాలి, చాలకపోతేనే మధ్యరకం. రంగును నమ్మి కొనకండి, కంపెనీకో లెక్క. ప్యాడ్ కింద పడితే కడగాల్సిందే, లేదంటే అంటుకున్న ఇసుకే గీస్తుంది.

గోరు పట్టేంత లోతు గీతను పాలిష్‌తో పూర్తిగా తీయడం కష్టం. మాదీ అలాంటిదే. ఉండనిద్దామన్నాను. సాయంత్రం ఆయనే వాడి సైకిలుకు గాలి కొట్టించారు.