గద్దల లెక్క రైతు చేతిలో ఉండాలి

వానలు వెనకబట్టి పత్తి ఏరుడు మొదలయ్యే రోజుల్లో మెట్ట చేల మీద సన్నటి పొడుగు రెక్కల గద్దలు తిరుగుతుంటాయి. నేలకు మనిషెత్తున, చాళ్ల వెంబడి వెతుక్కుంటూ, రెక్కలు ఎత్తి తేలుతూ పోతాయి. ఇవి పిల్లిగద్దలు. మన ఊరి గద్దలు కావు. కజకిస్థాన్, రష్యా గడ్డి మైదానాల్లో పిల్లల్ని చేసి, అక్కడ మంచు కురవకముందే వేల కిలోమీటర్లు దాటి దక్కనుకు వస్తాయి. మార్చి, ఏప్రిల్‌కల్లా తిరిగి పోతాయి. వలస అంటే ఏమిటో పాలమూరుకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. లెక్కలో లేని వలసకు ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో దారిలో చనిపోయిన వలస కూలీల వివరాలు తమ దగ్గర లేవని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. వివరాలు లేవు కాబట్టి పరిహారం మాట కూడా లేదంది.

గిట్టుబాటు ధర, నకిలీ విత్తనం, కౌలురైతు గుర్తింపు ఇన్ని ఉండగా రైతు సంఘం పత్రికలో గద్దల గోలేమిటని అడిగేవారు ఉంటారు. అడగాల్సిందే. కోడేరు మండలంలోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ ఈ ఏడు వలస గద్దల లెక్కను సంఘం గ్రామ కమిటీలే మొదలుపెట్టాలని మేము అంటున్నాం. అది పక్షుల మీద జాలితో అంటున్న మాట కాదు.

పిల్లిగద్ద తినేది ఎక్కువగా మిడతలను, ఎలుకలను, చిన్న పిట్టలను. అరగని వెంట్రుకలు, మిడత కాళ్లు ఉండలుగా కక్కుతుంది. గుజరాత్‌లోని వేళావదర్ గడ్డి భూముల్లో అవి వందల సంఖ్యలో రాత్రి నిద్రకు దిగుతాయి. అక్కడ ఏరిన ఉండలను విప్పి చూస్తే ఎక్కువగా మిడతలే తేలాయి. వేరుశనగలో ఎలుక ఎంత నష్టం చేస్తుందో వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతుకు తెలియంది కాదు. ఎకరానికి పది పంగల కర్రలు పాతి పిట్టలను పిలవమని వ్యవసాయ శాఖే చెబుతుంది. గద్దకు ఆ కర్ర కూడా అక్కర్లేదు.

అయితే అసలు సంగతి పురుగుమందు దగ్గర ఉంది. అమెరికా నుంచి ఏటా అర్జెంటీనాకు వలసపోయే స్వైన్సన్ గద్దలు తిరుగు ప్రయాణంలో తగ్గిపోతున్నాయని 1990లలో అక్కడివాళ్లు గమనించారు. కొన్నింటికి ట్రాన్స్‌మిటర్లు కట్టి వెంబడిస్తే, 1995–96 ప్రాంతంలో పొద్దుతిరుగుడు, లూసర్న్ చేలల్లో వేల గద్దలు చచ్చిపడి కనిపించాయి. మిడతల కోసం మందు కొట్టారు, ఆ మిడతలను గద్దలు తిన్నాయి. ఆ మందు మోనోక్రోటోఫాస్. మన పత్తి చేలలో ఏళ్ల తరబడి కొట్టింది అదే మందు. లెక్క పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి అక్కడ సంగతి బయటపడింది, మందు ఆగింది.

ఇక్కడ? 2013లో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో కలిసింది ఈ మందే. 2017లో యవత్‌మాల్‌లో పత్తికి పిచికారీ చేస్తూ రైతులు, కూలీలు చనిపోయినప్పుడూ దీని పేరు వినిపించింది. చివరికి 2023లో కేంద్రం మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఇన్ని చావులు చూశాక. చేనులో గద్ద చచ్చిన రోజే ఎవరైనా రాసిపెట్టి ఉంటే అనిపిస్తుంది. రాబందుల సంగతీ అంతే. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ వాటిని చంపుతోందని 2004లో రుజువైంది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అప్పటికే పోయినన్ని పోయాయి. ఊరి బయట పశువు కళేబరాల దగ్గర ఇప్పుడు కుక్కలే మిగిలాయి.

ఒక భయం ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. పక్షి ఉందని రాసిస్తే రేపు ఫారెస్టోళ్లు వచ్చి భూమి చుట్టూ గీత గీస్తారేమోనని. కృష్ణ దాటితే నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. పిట్ట తగ్గిపోయింది. కృష్ణజింకలు పెరిగి పక్క రైతుల పంట మీద పడ్డాయి. ఒకప్పుడు పెద్ద సంఖ్యలో నిద్రకు దిగిన పిల్లిగద్దలూ అక్కడ బాగా తగ్గాయి. రైతును బయట నిలబెట్టి చేసిన రక్షణ అది. అందుకే లెక్క మన చేతిలో ఉండాలంటున్నాం.

నాగాలాండ్‌లో దోయాంగ్ డ్యామ్ కింద పొలాలు పోగొట్టుకుని చేపల వేటకు దిగినవాళ్లు అక్టోబరు, నవంబరుల్లో గుంపులుగా వచ్చే అముర్ డేగలను వలలు పెట్టి పట్టేవారు. 2012లో దేశమంతా గగ్గోలైంది. మరుసటేడు పాంగ్తీ వంటి గ్రామాల సభలే వద్దని తీర్మానించుకుంటే వేట ఆగింది. ఆ ఏడు ట్రాన్స్‌మిటర్ కట్టిన మూడు డేగలకు నాగా, పాంగ్తీ, వోఖా అని పేర్లు పెట్టారు. అవి మన తెలుగు నేల మీదుగానే అరేబియా సముద్రం దాటి ఆఫ్రికాకు పోయాయి. శ్రీశైలం ముంపు చూసిన కొల్లాపూర్ వైపు వాళ్లకు పాంగ్తీ కష్టం వేరే వివరించనక్కర్లేదు. పొలం పోయినవాడికి పక్షి పాఠం చెప్పడం తేలికే. బతుకుదెరువు చూపడమే కష్టం.

ఇక బీడు భూములు. పిల్లిగద్ద చెట్టెక్కి పడుకోదు, గడ్డిలో నేల మీద పడుకుంటుంది. గొల్ల కురుమల గొర్రెలు మేసే భూమే దానికి రాత్రి పడక. రికార్డుల్లో దాని పేరు పనికిరాని భూమి. ఆ పేరు మీదనే ఒకసారి ప్లాట్లు, ఒకసారి సోలార్ ప్లాంటు. ఎత్తిపోతల నీళ్లు వద్దని మేము ఎన్నడూ అనలేదు, అనం. నీళ్లు రాని భూమికి కూడా విలువ ఉందని చెప్పడానికి మన దగ్గర అంకె ఉండాలంతే.

పని పెద్దదేం కాదు. సాయంత్రం పొద్దు గూకే గంట ముందు గడ్డి బీడుకు దూరంగా రెండు పక్కల ఇద్దరు నిలబడాలి. దిగిన గద్దలను విడివిడిగా లెక్కపెట్టి చివర సరిచూసుకోవాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా పదిహేను రోజులకొకసారి, అదే చోట. గొర్లకాపరి ఒకరు తోడుంటే ఇంకా మంచిది, ఎక్కడ దిగుతాయో వాళ్లకే తెలుసు. ఒక్కటీ రాకపోతే సున్నా అని రాయాలి, ఖాళీగా వదలొద్దు. చచ్చిన గద్ద దొరికితే ఉత్త చేతులతో ముట్టొద్దు. చుట్టుపక్కల చేలలో ఆ వారం ఏ మందు కొట్టారో, ఏ తేదీన కొట్టారో రాసుకోవాలి. రైతు పేరు రాయొద్దు, మందు పేరు చాలు. పుస్తకం గ్రామ కమిటీ దగ్గరే ఉండాలి. నకలు ఒకటి మండల వ్యవసాయ అధికారికి ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి.