అడ్రస్ ఇవ్వకుండా తెలివి లేదంటారా?



2022లో అల్లూరి జిల్లా వేరయినా, యాప్ కోర్సులంటే పాడేరు, అరకు నుంచి మనలో చాలామంది దిగేది విశాఖకే. ఇక్కడ ఏడీబీ అని కొడితే కంప్యూటర్ "ఈ కమాండ్ తెలియదు" అంటుంది. వెంటనే "కోడింగ్ మీ వల్ల కాదులే" అనేవాళ్లు తయారు. ఆ మాట నమ్మొద్దు!

ఊరి పేరు లేని ఉత్తరం ఇంటికి చేరుతుందా? విండోస్ కూడా పాత్‌లో రాసిన ఫోల్డర్లలో వెతుకుతుంది. ఆండ్రాయిడ్ అండర్‌స్కోర్ హోమ్ అనే వేరియబుల్‌కి ఎస్‌డీకే ఫోల్డర్ చూపించండి. అందులోని ప్లాట్‌ఫామ్ టూల్స్ ఫోల్డర్‌ని పాత్‌కి చేర్చండి, ముందున్నవి చెరపకండి. తర్వాత టెర్మినల్ మూసి కొత్తది తెరవండి. పక్కవాడి పాత్ కాపీ కొట్టొద్దు, అందులో వాడి యూజర్ పేరు ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ లేదా? యూజర్ వేరియబుల్స్‌కి మామూలుగా అది అక్కర్లేదు.

ఇంతే సంగతి. దీన్ని మొదటి క్లాసులోనే తెలుగులో చెప్పాలి. ఫీజు తీసుకుని ఇది చెప్పని సెంటర్‌కి పిల్లల తెలివిని కొలిచే హక్కెక్కడిది? నిలదీసి అడగండి. సీనియర్లూ, మీరూ తప్పించుకోవద్దు. హాస్టల్లో జూనియర్ పక్కన ఒక్క పూట కూర్చోండి.