మిషన్ కన్నా ముందు గ్రైండర్

మా నాన్నకి టి. నగర్‌లో, ఉస్మాన్ రోడ్డు పక్క సందులో చిన్న కాఫీ షాపు ఉంది. మొదట ఫిల్టర్ కాఫీ ఒక్కటే ఉండేది. కొన్నేళ్ల కింద ఎస్ప్రెస్సో మిషన్ కూడా పెట్టారు. ఇప్పుడు దాన్ని తీసేసి పెద్ద మిషన్ కొంటానంటున్నారు. లక్షల్లో ఖర్చు. అందుకోసం అమ్మ గాజులు తాకట్టు పెడదామన్నారు. వద్దని ఇంట్లో చెప్పాను. నా మాట చెల్లలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాన్న వాదనలో న్యాయం లేకపోలేదు. మన పెళ్లిళ్లలో 'ఎస్ప్రెస్సో' అని ఇచ్చేది చాలావరకు ఇన్‌స్టంట్ పొడి కలిపి, ఆవిరితో నురగ తెప్పించిన పాలు. అసలు ఎస్ప్రెస్సో అది కాదు. దాదాపు 93 డిగ్రీల వేడినీటిని 9 బార్ల ఒత్తిడితో మెత్తటి పొడిలోంచి పంపాలి. 18 గ్రాముల పొడికి సుమారు 36 గ్రాముల కాఫీ 25-30 సెకన్లలో దిగాలి. 1961లో ఇటలీలో ఫయేమా కంపెనీ తన ఇ61 మిషన్‌కి కరెంటు పంపు పెట్టింది. అప్పటినుంచి ఆ ఒత్తిడి కోసం చేత్తో లీవర్ లాగే పని తగ్గింది. కాబట్టి మిషన్ ముఖ్యమే. మాది ఒకే బాయిలర్ ఉన్న చిన్న మిషన్. కాఫీ దిగుతున్నంతసేపూ పాలకి ఆవిరి పట్టలేం. దీపావళి ముందు రంగనాథన్ వీధి జనం మా సందులోకి వస్తే, సగంమంది ఎదురుచూడలేక వెళ్లిపోతారు.

కానీ ఈమధ్య కస్టమర్లు అంటున్నది ఆలస్యం గురించి కాదు, రుచి గురించి. ఒక్కోసారి చేదు, ఒక్కోసారి పులుపు. నాన్న మిషన్ పాతబడిందంటారు. పొద్దున్నే షాపు తెరిచి కాఫీ తీసే అమ్మ మాత్రం, "పొడి చూడండి" అంటుంది.

అమ్మ ఇంజనీరింగ్ చదవలేదు. కానీ ఇత్తడి ఫిల్టర్ తెలుసు. పొడి మరీ మెత్తగా ఉంటే డికాషన్ దిగదు, బరకగా ఉంటే నీళ్లలా జారిపోతుంది. ఎస్ప్రెస్సోకీ ఇదే లెక్క. నీళ్లు ఎక్కువసేపు ఆగితే చేదు, త్వరగా దిగిపోతే పులుపు. మా గ్రైండర్ పళ్లు అరిగిపోయి సగం పొడి మెత్తగా, సగం బరకగా వస్తోంది. ఇక మా బోరు నీళ్లు! కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది. అదే పొర మిషన్ బాయిలర్‌లోనూ కడుతుంది కదా! కొత్త మిషన్‌కి అవే నీళ్లు పోస్తే, అరిగిన గ్రైండర్ పొడే వేస్తే, రుచి ఎలా మారుతుంది?

కాబట్టి నేననేది ఇదీ. ముందు గ్రైండర్ పళ్లు మార్చండి. నీళ్లకి మంచి ఫిల్టర్ పెట్టండి. పాత మిషన్‌లో పేరుకున్న పొర తీయించండి. పొడి తూచి వేయండి, గడియారం చూసి దించండి. పాలగొట్టం ప్రతిసారీ తుడవండి. దీనికయ్యేది మిషన్ ఖరీదులో చిన్న వంతు. మూడు నెలలు చూద్దాం. అప్పటికీ రద్దీలో చేతులెత్తేయాల్సి వస్తే పెద్ద మిషన్ కొనండి, నేనే ఒప్పుకుంటాను.

ఇంకో మాట. గాజులు అమ్మవి. ఆ మిషన్ ముందు రోజూ నిలబడేదీ అమ్మే. ఈ చర్చలో ఆమెని ఎవరూ అడగలేదు, నాతో సహా. నిన్న రాత్రి అడిగాను. "ముందు పొడి సంగతి తేలనీ, గాజుల సంగతి తర్వాత" అంది.

మీ ఇంట్లో కూడా ఏదైనా పెద్ద వస్తువు కొనే మాట వస్తే, దాన్ని రోజూ వాడే మనిషిని ముందు అడగండి.