ఓకా నది ఒడ్డున ఖాసిం పట్టణం

మదర్సాలో చరిత్ర పాఠం చెప్పేటప్పుడు బుఖారా, సమర్ఖంద్, ఖుర్తుబా పేర్లు పదేపదే వస్తాయి. కాసిమోవ్ పేరు మాత్రం మా పాఠ్యగ్రంథాలలో ఎక్కడా కానరాదు. రష్యా దేశంలో, మాస్కోకు ఆగ్నేయంగా, రియాజాన్ ప్రాంతంలో ఓకా నది ఎడమ ఒడ్డున ఉన్న చిన్న పట్టణమది. జనాభా సుమారు ముప్పై వేలు. చర్చి గోపురాల నడుమ అక్కడొక తెల్లరాతి మీనార్ నిలిచి ఉన్నది. దాని ఎత్తు ఏమంత చెప్పుకోదగ్గది కాదు గాని, గోడలు మాత్రం కోటగోడలంత మందం. చుట్టూ క్రైస్తవ జనపదాలే ఉన్నచోట ఆ మీనార్ ఎలా లేచిందన్నదే ఈ నెల మన ముచ్చట.

పట్టణం పుట్టుక ముస్లిములది కాదు. 1152లో యూరీ దోల్గొరుకీ అనే రష్యన్ రాజు దానిని సరిహద్దు కోటగా కట్టించాడు. మెష్చెర్ అనే జాతివారి నేల కావడంతో అప్పట్లో దానిని మెష్చెర్ గొరొదెత్స్ అనేవారు. ఆ తర్వాతి మూడు వందల ఏళ్ళలో మన ముచ్చటకు పనికివచ్చేది పెద్దగా లేదు.

అసలు కథ 1445లో మొదలవుతుంది. ఆ సంవత్సరం జూలైలో సుజ్దల్ వద్ద జరిగిన యుద్ధంలో మాస్కో మహారాజు రెండవ వసీలీ, తాతారు ఖాన్ ఉలుగ్ ముహమ్మద్ సైన్యానికి బందీగా చిక్కాడు. భారీగా విమోచన ధనం చెల్లిస్తానని ఒప్పుకొని విడుదలయ్యాడు. కొద్దికాలానికే ఉలుగ్ ముహమ్మద్ ఇంట్లో చీలిక వచ్చింది. పెద్దకొడుకు మహ్మూద్ కజాన్ సింహాసనమెక్కాడు. తమ్ముళ్ళు ఖాసిం, యాఖూబ్ అతనితో పొసగక వెళ్ళిపోయి వసీలీ పక్షాన చేరారు. ఆయన పోగొట్టుకున్న రాజ్యాన్ని దాయాదుల చేతి నుంచి తిరిగి గెలుచుకోవడానికి తోడ్పడ్డారు. 1452 ప్రాంతంలో వసీలీ ఈ పట్టణాన్ని ఖాసింకు అప్పగించాడు. కాలక్రమంలో పట్టణానికి అతని పేరే స్థిరపడింది.

ఇది కానుకా, కప్పమా అన్న దగ్గర చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. సేవ మెచ్చి ఇచ్చిన జాగీరు అని కొందరంటారు. సుజ్దల్ వద్ద బందీగా ఉన్నప్పుడు వసీలీ చేసిన వాగ్దానాల ఫలితమని మరికొందరంటారు. రియాజాన్ రాజులు సైతం కాసిమోవ్ సుల్తానుకు ఏటా సొమ్ము చెల్లించేవారని ఆనాటి ఒప్పంద పత్రాలే చెబుతున్నాయి. సేవకునికి ఇరుగుపొరుగు రాజులు సొమ్ము చెల్లిస్తారా? నా మటుకు నాకు, ఆరంభంలో అది భయమూ స్నేహమూ కలగలిసిన ఏర్పాటుగానే తోస్తున్నది.

పరిపాలన తీరు విచిత్రమైనది. మస్జిద్, ఖుత్బా, ఖాన్ కొలువు, నాలుగు తెగల పెద్దలు, అన్నీ ముస్లిం రాజ్యానికి ఉండవలసినవే. కాని గద్దెపై ఎవరు కూర్చోవాలో నిర్ణయించేది మాస్కో. ఖాసిం వంశం కుమారునితోనే ముగిసింది. ఆ తర్వాత క్రిమియా ఖాన్ల వంశం వారు, ఓల్గా దిగువ స్తెప్పీల వారు, కజక్కులు, సైబీరియా ఖాన్ కూచుం మనుమడు, ఇలా తమ దేశాలలో చోటు కోల్పోయిన రాకుమారులు ఒకరి వెనుక ఒకరు ఇక్కడికి వచ్చి చేరారు. 1600లో కజక్కు వంశీయుడు ఉరాజ్ ముహమ్మద్ పట్టాభిషేకం రాతి మస్జిదులో జరిగింది. సయ్యద్ ఒకరు ఖుత్బా చదివారు. నాలుగు తెగల పెద్దలు ఖాన్‌ను కూర్చోబెట్టిన తివాచీని నాలుగు కొసలా పట్టి పైకెత్తారు. జార్ పంపిన రష్యన్ అధికారులు పక్కనే నిలిచి చూశారు. ఆ నలుగురిలో ఒకడైన ఖాదిర్ అలీ బేగ్ రెండేళ్ళ తర్వాత కాసిమోవ్‌లోనే ‘జామిఉత్తవారీఖ్’ అనే గ్రంథం రచించి ఈ వేడుకను వర్ణించాడు. గ్రంథారంభంలో ఆయన స్తుతించినది తన ఖాన్‌ను కాదు, జార్ బోరిస్ గొదునోవ్‌ను. అధికారం ఎక్కడ ఉన్నదో ఆ రచయితకు బాగా తెలుసు.

ఈ భాగం చెప్పినప్పుడు మా విద్యార్థి ఒకడు, “హజ్రత్, వాళ్ళు ఎవరి పక్షం?” అని అడిగాడు. షా అలీ ఖాన్ సంగతి చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆయన కాసిమోవ్‌ను ఏలినవాడు, మాస్కో అండతో కజాన్ గద్దెను మూడుసార్లు ఎక్కి మూడుసార్లూ దిగినవాడు. 1552లో ఇవాన్ ది టెరిబుల్ కజాన్‌ను ముట్టడించి పట్టుకున్నప్పుడు రష్యన్ సేనల వెంట ఉన్నాడు. ఆ పతనంలో ఎంత ముస్లిం రక్తం పారిందో చెప్పనవసరం లేదు. మూడేళ్ళకు, హిజ్రీ 962లో, ఆయనే కాసిమోవ్‌లో తన వంశానికి రాతి సమాధి మందిరం కట్టించాడు. ద్వారంపై అరబీ లిపిలో ఆయన పేరు నేటికీ చదువుకోవచ్చు. కట్టడం చూస్తే గౌరవం కలుగుతుంది. కట్టినవాని చరిత్ర గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. కుర్రవానికి ఆ రెండూ చెప్పాను.

ఆయన తర్వాత గద్దెనెక్కిన సాయిన్ బులాత్ 1573లో క్రైస్తవం స్వీకరించి సిమెయోన్ అయ్యాడు. 1575లో ఇవాన్ అతనిని ఏకంగా ‘సమస్త రష్యా మహారాజు’ అని కూర్చోబెట్టి, తాను సామాన్యునిలా అతనికి అర్జీలు రాసుకున్నాడు. ఏడాదిలోపే ఆ నాటకం ముగిసింది. సిమెయోన్ చివరికి చూపు కోల్పోయి, మఠవాసిగా 1616లో మరణించాడు.

కాసిమోవ్ రాజ్యాన్ని ఏ సైన్యమూ కూల్చలేదు. పదిహేడవ శతాబ్దంలో మాస్కో వొయెవోదా, అంటే జార్ నియమించిన అధికారి, పట్టణంలో మకాం పెట్టాడు. ఖాన్ ఎవరితో మాట్లాడుతున్నాడు, ఎవరి రాయబారులు వస్తున్నారు అన్నది అతని నిఘాలోకి వెళ్ళింది. క్రమంగా ఖాన్‌కు బిరుదు, కొంత ఆదాయం మిగిలాయి. 1626లో గద్దెనెక్కిన సయ్యద్ బుర్హాన్ అప్పటికి పసివాడు. తల్లి ఫాతిమా సుల్తాన్ కాసిమోవ్‌లోని సయ్యదుల కుటుంబపు ఆడపడుచు. కొడుకు పెరిగి పెద్దవాడై, 1650లలో మతం మార్చుకొని వసీలీ అయ్యాడు. రష్యన్ ప్రభువుల ఇంటి పిల్లను పెళ్ళాడాడు. అయినా 1679లో మరణించేవరకు కాసిమోవ్ అతని పేరనే ఉన్నది. అటుపై వృద్ధురాలైన ఆ తల్లికే పాలన దక్కింది. 1681లో ఆమె కన్నుమూయడంతో, 229 సంవత్సరాల ఖాన్ల కొలువు ముగిసి పట్టణం నేరుగా జార్ ఏలుబడిలోకి పోయింది. పసితనంలో కొడుకును గద్దెపై చూసి, వయసులో అతడు వేరే పేరుతో పిలిపించుకోవడం చూసి, అతని తర్వాత తానే ఆ గద్దెపై కూర్చున్న ఆ తల్లి మనసులో ఏముండెనో ఏ దఫ్తరులోనూ రాయలేదు.

ప్రజల కష్టాలు ఆ తర్వాతే ముదిరాయి. 1713లో జార్ పీటర్, కజాన్, అజోవ్ ప్రాంతాలలో క్రైస్తవ రైతులున్న ముస్లిం భూస్వాములు ఆరు నెలల్లో మతం మారాలని, లేకుంటే ఆ భూములు పోతాయని ఆజ్ఞ జారీ చేశాడు. నదిపై ప్రయాణిస్తూ పీటర్ మస్జిదును చర్చి అనుకొని శిలువ గుర్తు చేసుకున్నాడని, పొరపాటు తెలిసి కోపంతో కూల్చమన్నాడని పట్టణంలో ఒక కథ ఉన్నది. కథ మాట అటుంచితే, పాత మస్జిద్ అతని ఏలుబడిలోనే పోయింది, మీనార్ మిగిలింది. 1768లో కేథరిన్ రాణి కాలంలో అనుమతి దొరకగానే జనం అదే చోట మళ్ళీ మస్జిద్ కట్టుకున్నారు. 1835లో దానిపై రెండో అంతస్తు వేశారు. భూములు పోయిన మిర్జాల కుటుంబాలు తోళ్ళు, ఉన్ని వ్యాపారంలోకి దిగాయి. పేదవారు సెయింట్ పీటర్స్‌బర్గ్ భోజనశాలల్లో వడ్డనకు కుదిరారు. మద్యం ముట్టరన్న పేరు వారికి ఆ కొలువులు తెచ్చిపెట్టింది.

పరిపాలనాపరంగా చూస్తే, 1778 నుంచి కాసిమోవ్ రియాజాన్ పరిధిలో ఒక తాలూకా కేంద్రం వంటిది. మరుసటి ఏడు ఇచ్చిన పట్టణ చిహ్నంలో ఓడ కట్టే కలప ఉన్నది. ఖాన్ల ఆనవాలు లేదు. సోవియట్ కాలంలో మస్జిద్ మ్యూజియంగా మారింది.

ఈ చరిత్రంతా నిలవడానికి కారకులు ఇద్దరు. వెల్యామినోవ్ జెర్నోవ్ అనే రష్యన్ పండితుడు కాసిమోవ్ ఖాన్లపై నాలుగు సంపుటాలు ప్రచురించాడు, 1863లో మొదటిది. ఆయనకు సమాధి రాళ్ళపై శాసనాలు కాసిమోవ్ వెళ్ళి చదివి పెట్టినవాడు హుసేన్ ఫైజ్‌ఖానోవ్. మదర్సాలో చదువుకొని సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో భాషలు బోధించిన తాతారు యువకుడతడు. నాచు పట్టిన ఆ రాళ్ళ ముందు కూర్చొని అతడు ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని ఎత్తి రాసుకోకపోయి ఉంటే, అక్కడ నిద్రిస్తున్న అనేకుల పేర్లు ఈపాటికి వానకు చెరిగిపోయి ఉండేవి.