పరుల సత్రమున మన బస

ఆఫ్రికాఖండమున లాగోసు, నైరోబీ, అక్రా మొదలగు నగరములందు గత కొన్ని యేండ్లుగా ఒక క్రొత్త తరహా సభలు జరుగుచున్నవి. సెల్‌ఫోను చేతబట్టి హాస్యములు, వంటకములు, పాటలు, పల్లెముచ్చటలు చిత్రించి అంతర్జాలమున లోకమునకు జూపు యువతీయువకులు అచ్చట గుమిగూడి, తమ చిత్రములను లక్షలాది జనులు చూచుచుండగా తమ యింట పొయ్యి మాత్రమేల దినదినగండముగా వెలుగుచున్నదని ఒండొరులను ప్రశ్నించుకొనుచున్నారు. బిరుదులు పంచుకొనుటకు కూడిన సభలు కావవి. ఈ పని పదియేండ్లు నిలుచు వ్యాపారమగునా, లేక సంతలో గారడివాని యాటవలె పూటతో ముగియునా యని తేల్చుకొనుటకు కూడినవి. దొరవారిసత్రమున కూర్చుండి యిది వ్రాయుచున్న నాకు, వారి ప్రశ్న మన ప్రశ్నయే యని తోచుచున్నది.

నైజీరియా దేశపు మార్క్ ఏంజెల్ కామెడీ యను బృందము 2017లో యూట్యూబునందు పది లక్షల చందాదారులను బడసెను. ఆఫ్రికా హాస్యఛానెళ్లలో ఆ మెట్టెక్కినది అదియే మొదటిది. కీర్తికి కొదువలేదు. రాబడి సంగతి వేరు. ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాముల యజమానియగు మెటా సంస్థ తన ప్రకటనాదాయములో నైజీరియా, ఘానా వాసులకు విరివిగా పాలిచ్చుటకు పూనుకొన్నది 2024లో మాత్రమే. అంతవరకు సేద్యము వారిది, కళ్లము వేరొకరిది. మఱియు 2021 జూను మొదలు యూట్యూబు సంస్థ, అమెరికా ప్రేక్షకులవలన వచ్చు రాబడిపై ఆ దేశపు పన్ను ముందుగనే మినహాయించుకొనుచున్నది. అమెరికాతో పన్ను ఒడంబడిక లేని నైజీరియా, కెన్యా వాసులకు ఈ కోత నూటికి 30. ఒడంబడిక గల మనకు 15. కెన్యా ప్రభుత్వము 2023లో తన వంతుగా మఱి 5 పాళ్లు కోయ నిశ్చయించెను. తెల్లవాని కొఠారునకు సరకు పంపి, అతడిచ్చిన ధరయే ధరయని పుచ్చుకొన్నవారి మనుమలు వీరు. లెక్క వీరికి వేగిరముగనే బోధపడినది. మనకింకను బోధపడవలసియున్నది.

మనలో ఈ విద్య లేకపోలేదు. జగిత్యాల జిల్లా మల్యాల మండలమున లంబాడిపల్లి యను చిన్నయూరిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' నారంభించెను. పొలముపనిచేసి బ్రతికిన గంగవ్వ దానివలన తెలుగునాట ఇంటింటి మనిషియైనది. తెనాలి చేరువనున్న గుడివాడ గ్రామపు కఱ్ఱె మస్తానమ్మ, నూరేండ్లు దాటినదని వాసికెక్కిన అవ్వ, పొలములో కట్టెలపొయ్యిపై వండుచు, పుచ్చకాయలో కోడికూర వండి దేశదేశములవారిని అబ్బురపఱచినది. 2018 డిసెంబరులో పరమపదించినది. 'గ్రాండ్‌పా కిచెన్' నారాయణరెడ్డి 2017 మొదలు 2019 అక్టోబరులో కన్నుమూయువఱకు పెద్దపెద్ద బానలలో వండి అనాథబాలలకు పంచిపెట్టెను. ఆ వంటకు ప్రకటనల సొమ్ము చాలక, దూరదేశముల ప్రేక్షకులు పంపిన చందాలు తోడ్పడినవి. వీరెవ్వరును ఏ కళాశాలలోను ఈ పని నేర్చినవారు కారు. మన పెద్దలలో కొందఱు వీరిని 'యూట్యూబువాళ్లు' అని పెదవి విఱిచి మాటలాడుట నేను విన్నాను. చౌకబారు శీర్షికలతో, చావు వార్తలను కల్పించి పొట్టపోసికొనువారు లేరనను; వారిని నేను సమర్థింపను. కాని కాకి కూసినదని కోయిల గొంతు నొక్కరాదు గదా.

ఇక అసలు సంగతి. 2020 జూను 29వ తేదీన భారతప్రభుత్వము టిక్‌టాకుతోగూడ 59 చైనా యాపులను నిషేధించినది. ఆ నిషేధము దేశరక్షణకు అవసరమే యని పలువురు నమ్మిరి. నేనును ఆ పక్షమువాడనే. ఐనను ఆ రాత్రి జరిగిన దేమి? మన పల్లెలలో కూలిపనులు చేసికొనుచు ఆ యాపునందు లక్షలాది అనుచరులను సంపాదించినవారు తెల్లవారుసరికి అనామకులైరి. చందాదారుల పట్టిక వారిది కాదు. ప్రేక్షకుల చిరునామా వారి యొద్ద లేదు. ఏండ్లతరబడి పోగుచేసికొన్న పేరు పరుని పెట్టెలో నుండిపోయెను; పెట్టెకు తాళము పడినది.

మా యూరి పేరులోనే సత్రమున్నది గనుక ఆ పోలికయే చెప్పెదను. సత్రమున బస యుచితము, అరుగు విశాలము, నలుగురును వచ్చిపోవు చోటు. కాని బాటసారి ఆ అరుగుపై ఎన్ని పాటలు పాడినను, ఎంతమందిని పోగుచేసినను, అది అతని యిల్లు కాజాలదు. ధర్మకర్త తలుపు మూసినచో మూట చంకబెట్టుకొని నడువవలసినదే. న్యాయశాస్త్రమున దీనికి 'లైసెన్సు' అని పేరు. 1882 నాటి ఈజుమెంట్ల చట్టము 52వ సెక్షను దానిని నిర్వచించినది. ఇచ్చినవాడు దానిని రద్దుచేయవచ్చునని 60వ సెక్షను చెప్పుచున్నది. ఐతే ఆ 60వ సెక్షనులోనే ఒక దయ కలదు: లైసెన్సు నమ్ముకొని సొంత ఖర్చుతో శాశ్వతమైన కట్టడము కట్టినవానిని వెళ్లగొట్టరాదు. నేలపై గోడ కట్టినవానికి ఆంగ్లేయుడు వ్రాసిన చట్టమైనను అంతపాటి రక్షణ నిచ్చినది. యూట్యూబులో పదియేండ్లు శ్రమించి ఛానెలు కట్టినవానికి ఆ రక్షణ సయితము లేదు. అతడు చదువక 'అంగీకరించితిని' అని వ్రేలు నొక్కిన షరతులే అతనికి చట్టము.

మన పూర్వపు కళాకారుల స్థితి ఇంతకంటె కొంత మేలేమో యని ఒక్కొక్కప్పుడు తోచును. కాకిపడగలవారు, డక్కలివారు మొదలగు ఆశ్రితకళాకారులకు ఫలానా యూళ్లు మావియని మిరాశిహక్కు లుండెడివి. ఆ యూరివారు కథ చెప్పించుకొని తీరవలెను, సంభావన యిచ్చి తీరవలెను. ఆ హక్కును అన్నదమ్ములు పంచుకొనెడివారు, కూతురునకు అరణముగా నిచ్చుటయు గలదు. ఆ యేర్పాటులో కులపు సంకెళ్లు లేవని నేననను. ఉండినవి, బలముగనే యుండినవి. కాని కళాకారునికి ప్రేక్షకునిపై హక్కొకటి కలదను తలంపు మన నేలలో పుట్టినదే. నేటి సృష్టికర్తకు కోటిమంది ప్రేక్షకులున్నను ఒక్క గడపపై మిరాశి లేదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు జీవితమును ఈ సందర్భమున మఱల చదువవలెను. ఆయన బొంబాయిలో 1893లో అమృతాంజనము స్థాపించెను. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914లో చెన్నపురి చేరి దినపత్రిక యయ్యెను. 1924లో భారతి పుట్టెను. నష్టము వచ్చిననాడు పత్రికను తలనొప్పిమందు మోసినది. పంతులుగారు ప్రకటనదారుని దయపై పత్రిక నడుపలేదు. తన ప్రకటనకు తానే సరకు తయారుచేసికొనెను. ఉగాదికి చందాదారులకు సంవత్సరాది సంచిక పంపి బంధుత్వము నిలిపెను. అమృతాంజనపు సీసా ప్రతి యింటను అల్మరలో నుండెను, పత్రిక అరుగుపై నుండెను. అమ్ముకొనుటకు సొంత సరకు, చేరుటకు సొంత చందాదారుల పట్టిక — ఈ రెండును గలవానిని సత్రపుదొర బెదరింపలేడు. లాగోసులో నేడు బోధించునది ఇంతకు మించి యేమియు కాదు. మనవాడు నూఱేండ్లకు ముందే చేసి చూపెను.

ప్రభుత్వములు నిద్రించుచున్నవని చెప్పుట అన్యాయము. 2024 మార్చి 8న ఢిల్లీలో జాతీయ సృష్టికర్తల పురస్కారము లిచ్చిరి. 2025 మే నెల 1 మొదలు 4 వఱకు బొంబాయిలో 'వేవ్స్' అను మహాసభ జరిగినది. సృష్టికర్తలకై వంద కోట్ల డాలర్ల నిధి యని ఆ సంవత్సరమే ప్రకటించిరి. 2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు యూట్యూబు అధిపతితో, రాష్ట్రమున అకాడమీ స్థాపించుటనుగూర్చి మాటలాడినట్లు తెలిపిరి. మంచిదే. కాని యిట్టి సభలలో నాకొక కొఱత కనబడుచున్నది. వేదికపై కూర్చుండువారిలో కంపెనీల ప్రతినిధులు ముందు వరుస. వారు నేర్పునది ఎక్కువమంది చూచునట్లు చేయు ఉపాయము. చూచినకొలది కంపెనీకి లాభమే. పంపకమునుగూర్చి అడుగువాడెవ్వడు? మామూలు వీడియోలపై ప్రకటనల సొమ్ములో నూటికి 55 పాళ్లు సృష్టికర్తకు, 45 యూట్యూబునకు. 2023 ఫిబ్రవరి నుండి పొట్టి వీడియోలలో ఇది తలక్రిందై సృష్టికర్తకు 45 మాత్రమే. ఈ సంఖ్యలు ఏ బేరమున నిర్ణయమయ్యెను? బేరమే జరుగలేదు. రైతుల సభను జమీందారు జరిపించినచో శిస్తు మాట తీర్మానములలో నుండదు.

తెలుగువానికి మఱియొక చిక్కు. ప్రకటనదారుడు ప్రేక్షకుని కొనుగోలుశక్తినిబట్టి ధర చెల్లించును గనుక, అమెరికాలో ఒక్కడు చూచినపుడు వచ్చు సొమ్ము మన పల్లెలో పలువురు చూచినను రాదు. కనుక సంఖ్యలను జూచి మురియరాదు. మామూలు వీడియోలతో అర్హత పొందదలచినవానికి, వేయిమంది చందాదారులు, ఒక సంవత్సరములో 4000 గంటల వీక్షణము గడించినగాని ప్రకటనల పాలు మొదలుకాదు. మొదలైనను ఖాతాలో 100 డాలర్లు చేరువఱకు చేతికి రాదు. ఒక పన్ను పత్రము నింపకపోయినచో, అమెరికా ప్రేక్షకులు చూచినదానిపై మాత్రమే కాక మొత్తము రాబడిపై నూటికి 24 వఱకు కోతపడవచ్చును. ఆ పత్రము ఒక్క పూట పని. అది తెలియక నష్టపోవు కుఱ్ఱలు మన జిల్లాలలో ఎందఱో!

మొన్న నొక యువకుడు నాయొద్దకు ఒక కాగితము తెచ్చెను. చేపలవేటపై చక్కని చిత్రములు తీయువాడు. ఛానెలు పెంచెదమని చెప్పిన యొక యేజెంటు సంస్థతో అతడు చేసికొన్న యొప్పందమది. ఇంగ్లీషున పదునాలుగు పుటలు. అతడు తీసిన చిత్రములన్నియు, తీయబోవునవియు వారి సొత్తు. రాబడిలో మూడవవంతు వారిది. విడిపోదలచిన ఆఱు నెలల నోటీసు. అతడు చదివినది చివరి పుటలో తన పేరు వ్రాయు గీత మాత్రమే. అట్టివారికి మన చట్టమునందు కొంత బలము గలదని తెలిసినవారు తక్కువ. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, సామాన్యముగా రచయితయే తొలి యజమాని. 19వ సెక్షను ప్రకారము హక్కుల బదిలీ వ్రాతమూలకముగా నుండవలెను. గడువు చెప్పకున్న ఐదేండ్లే. ప్రాంతము చెప్పకున్న భారతదేశమునకే పరిమితము. నోటిమాటతో 'నీ వీడియోలు మావి' యనువానికి ఈ సెక్షను చూపుడు. కాని సంతకము పెట్టిన పిమ్మట వచ్చినవానికి వకీలు చేయగలిగినది స్వల్పము.

పరిష్కారమున్నదా? ఉన్నది, ఒక్కనాట సాధ్యము కాదు. బుఱ్ఱకథ ముగిసిన పిదప పళ్లెము త్రిప్పు ఆచారము మనకు క్రొత్త గాదు. కెన్యాలో 2007లోనే ఎం-పెసా వచ్చి ఫోనుద్వారా చిన్న చిన్న మొత్తములు పంపుట సులభమైనది. మనకు 2016లో యూపీఐ వచ్చినది. నెలకు పది రూపాయల సంభావన యిచ్చు ఐదువందలమంది గృహస్థులు, ఊరు పేరు తెలియని ఐదు లక్షలమంది చూపరులకంటె గట్టి యాధారము. రెండవది, సంఘము. 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము, ప్రభుత్వపు వాటాధనము కోరక, అధికారుల పెత్తనము లేక సొంతముగా సహకారసంఘము పెట్టుకొనుటకు వీలిచ్చుచున్నది. పాలవారు, పొదుపు మహిళలు వాడుకొన్న చట్టమే. ఒక కెమెరా, ఒక కూర్పరి, ఒక లెక్కలగుమాస్తా, ఒక వకీలు — ఒక్కొక్కరు విడివిడిగా భరింపలేనివానిని ఇరువదిమంది కలిసి భరింపగలరు. ప్రకటనదారుతో మాటలాడునపుడును ఇరువదిమంది గొంతు వేఱు.

మన తీరముననే చూడుడు. 1976లో అభయారణ్యమైన నేలపట్టు మా మండలములోనిదే. గూడబాతులు వచ్చి గూళ్లుకట్టు కాలమున చెన్నపురినుండి, దూరప్రాంతములనుండి కెమెరాలు వరుసగట్టి వచ్చును. పక్షుల రెట్టచే చెఱువునీరు సారవంతమై పైరుకు మేలుచేయునని నమ్మి తరతరములుగా వానిని కాపాడిన రైతు ఆ చిత్రములలో ఎచ్చటను మాటలాడడు. పులికాటు ఉప్పుటేటిలో యానాదుల వేట, వలకట్టు పేర్లు, శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునపుడు తెడ్డు నిలిపి చూచు పడవవాడు — వీనిని చెప్పవలసినవారు అచ్చటి కుఱ్ఱలే. స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలను ఆ సరస్సుచుట్టునున్న పలుకుబడిలోనే వ్రాసెను. ఆ పలుకునకు చదువరులు లభించిరి. వినువారును లభింతురు.

కావున నా మనవి యిది. గూడబాతులు నేలపట్టు చేరిన పిదప ఒక ఆదివారమున దొరవారిసత్రములోనో సూళ్లూరుపేటలోనో మన ప్రాంతపు సృష్టికర్తల సభ జరుపుదము. గూడూరు, నాయుడుపేట, తడలనుండి పదిమంది వచ్చినను చాలును. కంపెనీలవారి ధనము వలదు; భోజనము మనమే పెట్టుకొందము. ప్రతి పఠనమందిరమువారును తమ యూరిలో నిట్టివారెవరో కనుగొని కబురు పంపవలెను. పూర్వాహ్ణమున ఒప్పందములు చదువుట, అపరాహ్ణమున సంఘపు నిబంధనావళి ముసాయిదా వ్రాయుట. ఈ పనిలో నున్న మా జిల్లా వకీళ్లు ఇద్దఱు ముగ్గురు ఉచితముగా కూర్చుండుట కిప్పటికే అంగీకరించియున్నారు. వచ్చువారు కెమెరాలు తేనక్కఱలేదు. ఇదివఱకు సంతకము చేసిన కాగితములు, బ్యాంకుపుస్తకము తెచ్చిన చాలును.